ట్రిప్ వీడియో ఎవరూ చివరిదాక చూస్తలేరు, కొత్త కెమెరా కొనాల్నా అన్నా?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు. పోయిన దసరా సెలవులల్ల ఇద్దరు దోస్తులు, తన బాపు, తను కలిసి కార్ల రామప్ప, లక్నవరం, మేడారం, బొగత తిరిగొచ్చిన్రట. ఫోన్‌తోనే తీసి ఫోన్‌లనే ఎడిట్ చేసి 26 నిమిషాల వీడియో పెట్టిండు. చుట్టాలు, దోస్తులు సూపర్ అని కామెంట్లు పెట్టిన్రు గని ఎవలు ఎంతసేపు చూసిన్రో చూపెట్టే యూట్యూబ్ గ్రాఫ్ చూస్తే మొదటి నిమిషంలనే సగానికంటే ఎక్కువ మంది ఎల్లిపోయిన్రు. "అన్నా, పెద్ద చానెళ్లోళ్లు చూపెట్టిన జాగలే నేనూ చూపెట్టిన, వాళ్లది చూస్తరు నాది చూడరు. కెమెరా తక్కువైందా? ఫోన్ వణకకుంట పట్టే జింబల్ కొనాల్నా? ఏ యాప్ మంచిది? ఏ పాట పెడ్తే కాపీరైట్ రాదు? ఈ వీడియో తీసేసి మళ్ల పెట్టాల్నా?" ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర్ల ఇంకో ముచ్చట కూడ రాసిండు, అది ఉన్నదున్నట్టు ఇస్తున్న: "మా బాపు చిన్నగున్నప్పుడు మా తాతతోని ఎడ్లబండి మీద మేడారం పోయేటోడట, పస్రా దాటినంక అడవిల ఒక పెద్ద ఇప్పచెట్టు కింద రాత్రిపూట బండ్లు ఇడిసేటోళ్లట, తొవ్వ పొడుగూత ఆ చెట్టు కోసమే చూసిండు, దొరకలె. ఫోన్ కార్ల స్టాండుకు పెట్టి తీసిన లాంగ్ క్లిప్ ఉంది, అంతా బాపు మాటలే, బోర్ కొడ్తదని ఫాస్ట్ చేసి మీద పాట పెట్టిన."

తమ్మీ, ముందుగాల పైసల ముచ్చట తేల్చుకుందాం. కెమెరా కొనకు. నీ చేతుల ఉన్న ఫోన్ చాలు, నీ వీడియోల బొమ్మ ఎక్కడా ఖరాబ్ లేదు, రామప్పల పొద్దటి ఎండ పడ్డ స్తంభాల షాట్ అయితే నిజంగ మంచిగొచ్చింది. జింబల్ కూడ ఇప్పుడే వద్దు, రెండు మోచేతులు పక్కటెముకలకు ఆనిచ్చి పది సెకండ్లు కదలకుంట నిలవడితే నీ షాట్లల్ల ఉన్న వణుకు చానా వరకు పోతది. ఏదన్న కొనుడే కావాలంటే ఒక చిన్న కాలర్ మైకు కొనుక్కో, ఎందుకో కింద చెప్తా.

నేను పెండ్లి వీడియోల మిక్సింగ్ పనిల ఉన్నోణ్ని. ఈ పనిల ఉండి ఒకటి గట్టిగ తెల్సుకున్న. వీడియో ఇచ్చినంక ఇంట్లోళ్లు మళ్లమళ్ల పెట్టుకోని చూసేది స్టేజీ డెకరేషన్ కాదు, డ్రోన్ల తీసిన ఫంక్షన్ హాల్ అసలే కాదు. అప్పగింతలప్పుడు పిల్ల తండ్రి మొఖం, వంటల కాడ పెద్దమ్మ ఎవల్నో కసురుకున్న మాట, తలంబ్రాలప్పుడు పిల్లగాడు కండ్లు మూస్కున్న తీరు, గిసోంటివే తిప్పితిప్పి చూస్తరు. ట్రిప్ వీడియో దగ్గర కూడ గిదే లెక్క. జాగ ఎంత గొప్పదైనా ఒక ఇరవై సెకండ్లు పట్టుకుంటది, ఆ తర్వాత చూసేటోని లోపల ఇంతకు వీళ్లెవలు, ఎందుకు పోతున్నరు అని ప్రశ్న మొదలైతది, దానికి జవాబు దొరకకపోతే వేలుతోని పైకి జరిపేస్తడు. పెద్ద చానెళ్లోళ్లకు ఆ మనిషి ఎవలో జనానికి ముందే తెల్సు, అందుకే వాళ్లు ఉత్తగ రోడ్డు చూపెట్టినా నడుస్తది, నువ్వు గది చూసి అదే లెక్క చేయబోతే నడవది.

నీ వీడియో మొత్తం కూసోని చూసిన. మొదట లోగో తిరుగుతది, తర్వాత దోస్తు డ్రోన్ షాట్లు, పెట్రోల్ బంకు, టిఫిన్ సెంటర్ల పూరీ, అద్దంలకెల్లి రోడ్డు, మీదికెల్లి సినిమా పాట. రామప్ప వచ్చేసరికే నాలుగు నిమిషాలు గడిచినయ్. అక్కడ నువ్వు చెప్పిందేమో 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021ల యునెస్కో గుర్తింపొచ్చింది, గోపురం ఇటుకలు నీళ్లల్ల తేలుతయ్ అని. అన్నీ నిజాలే, తప్పేం లేదు, గని ఎవలు చెప్పినా అవే మాటలు. తర్వాత లక్నవరం వేలాడే వంతెన మీద సెల్ఫీలు, మేడారంల గద్దెలు, బొగతల నీళ్లు, మళ్ల రోడ్డు, అయిపోయింది. పొద్దుగాల లేచినకాడికెల్లి రాత్రి ఇంటికొచ్చేదాక ఏది ముందు జరిగితే అది ముందు పెట్టుకుంట పోయినవ్.

ఇగ అసలు ముచ్చట. నువ్వు ఉత్తరం అడుగున రాసిన నాలుగు లైన్లే నీ వీడియో. ఒక పెద్దమనిషి, ఆయన చిన్నప్పుడు తండ్రి పక్కన బండి మీద కూసోని పోయిన తొవ్వ, ఆ తొవ్వల ఒక చెట్టు, అది ఇంక ఉన్నదా లేదా. ఇంత మంచి కథ కార్ల పెట్టుకోని పోయి నువ్వు వంతెన మీద సెల్ఫీ చూపెట్టినవ్. ఆ క్లిప్ మీది పాట తీసెయ్, స్పీడ్ మామూలుకు తే, ఆ మాటలు విను, మొత్తం విను, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకోని కాగితం పెన్ను పట్టుకోని విను. ఎన్నో నిమిషంల ఏం అన్నడో రాసుకో. "గీడ వాగుండె", "గీడ బండి దిగి నడిసేటోళ్లం", "మా నాయిన గీడికొస్తె పాట అందుకునేటోడు" గిసోంటి మాటలు దొరికితే వాటి పక్కన స్టార్ పెట్టు. యాప్ ఓపెన్ చేసుడు ఆ తర్వాత.

తర్వాత ఒక్క వాక్యం రాయి, ఒక్కటే. నేనైతే ఇట్ల రాస్త: చిన్నప్పుడు తాత బండి ఇడిసిన ఇప్పచెట్టును మళ్ల చూడాలని మా బాపు మేడారం తొవ్వ పట్టిండు. ఇది గోడకు అంటించుకో. ఇగ నువ్వు తీసిన ప్రతి క్లిప్‌ను ఈ వాక్యం ముందట పెట్టి చూడు, ఆ చెట్టు దిక్కు ఒక అడుగు ముందుకేపిస్తుందా లేదా. ములుగు దగ్గర గట్టమ్మ కాడ బాపు కొబ్బరికాయ కొట్టింది మూడు సెకండ్లే పెట్టినవ్, అది ఇంక జర పెంచు, మేడారం పోయేటోళ్లు ముందుగాల గట్టమ్మకు మొక్కి పోవుడు ఆనవాయితీ కద, అప్పుడు బండ్లు కూడ ఇక్కడ ఆగేటియా అని బాపును అడిగిన ముక్క ఉంటే ఇంకా మంచిది. బొగత తీసెయ్. నాకు తెల్సు మనసొప్పది, ఆ నీళ్ల షాట్లు మస్తుగొచ్చినయ్, అయినా తీసెయ్, దాన్ని వేరే చిన్న వీడియో చేసుకో. లక్నవరంల బాపు గట్టు మీద కూసోని ఏమన్న మాట్లాడి ఉంటే ఆ ముక్క ఒక్కటి ఉంచు, లేకపోతే అది కూడ పోవాలె. ఈ తీసేసుడే ఎడిటింగ్ల కష్టమైన పని, బటన్లు నేర్చుకునుడు వారం పది రోజుల పని.

మన చేర్యాల పటం కథలు చూసినవా ఎప్పుడన్న? పొడుగు బట్ట మీద ఒకదాని కింద ఒకటి బొమ్మలు గీసి ఉంటయ్, మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్లు, గౌడ పురాణం చెప్పే గౌడజెట్టోళ్లు ఊరూరు తిరిగి దాన్ని కట్టి, ఒక్కొక్క బొమ్మ విప్పుకుంట కథ చెప్పేటోళ్లు. ఒక బొమ్మ కాడ ఎంతసేపు నిలవడాలె అనేది ముందట కూసున్నోళ్ల మొఖాలు చూసి తేల్చుకునేటోళ్లు, ఏడ్పొచ్చే కాడ ఆగుతరు, రాజులు దండు కట్టుకోని పోయే కాడ గబగబ జరిపేస్తరు. పటం మొత్తం ఒక్కసారే విప్పి పెడ్తే కథ లేదిగ. నీ టైమ్‌లైన్, అంటే యాప్ల క్లిప్పులు వరుసగ పేర్చే పట్టీ, కూడ అట్లనే విప్పాలె. చెట్టు దొరకలె అనే సంగతి మొదట్ల చెప్పకు, టైటిల్ల అసలే చెప్పకు. చెట్టు కోసం చూస్తున్నరు అనేది మాత్రం మొదటి పదిహేను సెకండ్లల్ల తెలవాలె.

అంటే వీడియో ఎట్ల మొదలుపెట్టాలె? లోగో పీకెయ్. డైరెక్టుగ కార్ల క్లిప్‌లకెల్లి, బాపు కిటికీ దిక్కు తిరిగి "ఆగాగు, మెల్లగ పోనియ్, గీడనే ఉండాలె" అన్నట్టు ఏదో ఒక మాట అంటడు చూడు, అదే నీ మొదటి షాట్. వెంటనే కిటికీల అడవి పోతున్న షాట్ పెట్టు. ఆ రెండు షాట్లు పక్కపక్కన పెడ్తే చూసేటోడు ఆ మనిషి దేనికోసం ఎతుకుతున్నడో తనంతట తనే అనుకుంటడు. వందేండ్ల కింద రష్యాల కూలెషోవ్ అనే డైరెక్టర్ ఇదే చేసి చూపెట్టిండు, ఒక నటుని ఒకే మొఖం షాట్ తీసుకోని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక ఆమె పక్కన పెడ్తే జనం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనిపించినయ్ అనుకున్నరట, మొఖం మాత్రం మారలె. బాపు మొఖం దగ్గరికెల్లి తీసినవి నీ దగ్గర మంచిగున్నయ్, వాటి పక్కన ఏం షాట్ పెడ్తవో దాన్ని బట్టి ఆ మొఖానికి అర్థం వస్తది. ఇప్పుడేమో నువ్వు బాపు మొఖం పక్కన పూరీ ప్లేట్ పెట్టినవ్.

రామప్ప తీసెయ్యాల్నా అని అడుగుతవేమో. వద్దు, ఉంచు, గని నువ్వు పాఠం చెప్పుడు బంద్ చెయ్. గుడి కాడ బాపు గైడ్‌ను "ఇటుక నీళ్ల మీద తేలుతదంటే నమ్మొచ్చా" అని అడిగింది నీ వీడియోల చిన్నగ ఇనవడ్తది, నువ్వు దాని మీద నీ వాయిస్ ఎక్కించినవ్. నీ వాయిస్ తీసి ఆ ప్రశ్న ఉంచు. ప్రశ్న పడ్డంక జవాబు ఎవలన్న వింటరు, అప్పుడు చెప్పు, గోపురం బరువు తగ్గించనీకి తేలికైన ఇటుకలు వాడిన్రని, పునాది కింద ఇసుక నింపిన్రని, మదనికల బొమ్మలు నల్లటి డోలరైట్ రాయిల చెక్కిన్రని. అదే విషయం, అదే 1213, గని ఇప్పుడది బాపు అడిగిన ముచ్చటకు జవాబు అయింది. నలభై సెకండ్లు చాలు. ఎక్కువ చెప్పాలనిపిస్తే రామప్ప మీద వేరే వీడియో తియ్యి, ఆ గుడికి అంత అర్హత ఉంది, మనోళ్లు ఇంకా సరిగ తీయలె అని నా ఫీలింగ్.

ఇగ కట్ల సంగతి. నువ్వు ప్రతి క్లిప్‌ను రికార్డ్ బటన్ నొక్కినకాడికెల్లి ఆపిందాక పెట్టినవ్, అందుకే ప్రతి షాట్ మొదట్ల ఫోన్ పైకి లేస్తది, చివర్ల నేల దిక్కు వంగుతది. ముందట వెనుక కోసెయ్, అందుల పని జరిగే ముక్కనే ఉంచు. నడిచే మనిషి, తలుపు తీసే చెయ్యి, కొబ్బరికాయ లేపిన చెయ్యి, గిట్ల ఏదన్న కదులుతున్నప్పుడు కట్ చెయ్, కదలిక మధ్యల కట్ చేస్తే కన్నుకు ఆనది. అంటే దూరంకెల్లి బాపు కాయ పైకి లేపుతుండంగ కట్ కొట్టి, దగ్గరి షాట్ల కాయ రాయికి తగిలే ముక్క అందుకో. నీ దగ్గర దగ్గరి షాట్లు తక్కువున్నయ్, బాపు మొఖం తప్పితే అన్నీ దూరంకెల్లి తీసినవే, ఇది ట్రిప్ వీడియోలు తీసే అందరి దగ్గర చూస్తున్న. ఎక్కడికి పోయినా ఒక దూరం షాట్, ఒక నడుము దాకా షాట్, తర్వాత చేతులు, కాళ్లు, చెప్పులు, పసుపు, బెల్లం ముద్ద, పైసలు లెక్కపెట్టే వేళ్లు, గిసోంటివి నాలుగైదు తీసుకోవాలె. ఇవి ఉంటే మాటల మధ్యల ఎక్కడ కోసినా మీద కప్పుకోవచ్చు. బాపు ఒక పది నిమిషాలు మాట్లాడిండనుకో, అందుల నీకు కావాల్సింది నిమిషంనర, మధ్యల కోస్తే తలకాయ టక్కున జరిగినట్టు కనిపిస్తది, ఆ కోసిన కాడ మీద చేతుల షాటో రోడ్డు షాటో వేస్తే ఎవ్వరికీ తెలవది.

ట్రాన్సిషన్లు తీసెయ్, పేజీ తిరిగేది, బొమ్మ గింగిరాలు కొట్టేది, తెల్లటి ఫ్లాష్, అన్నీ. మామూలు కట్ చాలు. టైం గడిచింది అని చెప్పాల్సిన కాడ, రాత్రి అయింది అనే కాడ, ఒక బొమ్మ మెల్లగ కరిగి ఇంకోటి వచ్చే డిసాల్వ్ ఒక్కటి పెట్టుకో. స్లో మోషన్ కావాలంటే షూటింగ్ల సెకండుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, పెట్టి తీసి 30ల పెట్టు, అప్పుడు సగం స్పీడ్ సాఫీగ వస్తది, 30ల తీసినదాన్ని సాగదీస్తే ఎక్కి ఎక్కి నడుస్తది, నీ లక్నవరం షాట్ల జరిగింది అదే. రాత్రి టిఫిన్ సెంటర్ల ట్యూబ్‌లైట్ కింద తీసినదాంట్ల నల్ల పట్టీలు కిందికి మీదికి పోతున్నయ్ కద, మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే లైట్ల కింద తీసేటప్పుడు ఫోన్ కెమెరాల మనమే సెట్ చేసుకునే ప్రో మోడ్ల షట్టర్ సెకండుల 50ల ఒక వంతో 100ల ఒక వంతో పెట్టుకుంటే ఆ పట్టీలు చానా వరకు పోతయ్. కలర్ ఎక్కువ గుంజకు, నీ వీడియోల చెట్ల ఆకులు పెయింట్ ఏసినట్టున్నయ్, దసరాల మన అడవి అంత పచ్చగ ఉండది, గునుగు తంగేడు పూసి కొంచెం పసుపు తిరిగి ఉంటది, ఆ రంగే అందం, ఉన్నదున్నట్టు ఉంచు.

సౌండ్ దగ్గర జర ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నీ వీడియోల అన్నిటికంటే ఎక్కువ నష్టం అక్కడే జరిగింది. నీ వాయిస్ ఉన్న కాడ తప్పితే 26 నిమిషాలు పాటనే. ఒక్క కాడ కూడ మేడారం ఎట్ల ఇనవడ్తదో తెలవలె. జాతర రెండేండ్లకోసారి మాఘమాసంల వస్తది, అప్పుడు కోట్ల మంది, శివసత్తులు, డప్పులు. నువ్వు పోయింది జాతర లేనప్పుడు, అంటే జంపన్న వాగు నీళ్ల సప్పుడు, గద్దెల కాడ ఒక్క గంట సప్పుడు, ఎక్కన్నో కోడి, అంత పెద్ద మైదానంల మెల్లగ మాట్లాడుకునే నలుగురు. జాతర ఒక్కటే తెల్సినోనికి ఇది ఎంత కొత్తగుంటది చెప్పు. ఆ సప్పుడు నీ క్లిప్పులల్ల అడుగున ఉండే ఉంటది, పాట తీసి విను. ఇగ ముందు పోయినప్పుడు ఎక్కడికి పోయినా అందర్నీ మాట్లాడొద్దని చెప్పి ముప్పై సెకండ్లు ఉత్త సప్పుడు రికార్డ్ చేసుకో, కట్లు ఎక్కడ అతుకులు పడ్డా దాన్ని కింద పరిచేస్తే అతుకు తెలవది.

ఇంకోటి. సౌండ్ బొమ్మతోని కలిసే రావాలని రూలేం లేదు. మేడారం డప్పు ఉందనుకో, బొమ్మ ఇంక కార్లనే ఉండంగ డప్పు సప్పుడు రెండు సెకండ్లు ముందే రానియ్యి, తర్వాత బొమ్మ మార్చు. బాపు మాట్లాడుతున్నప్పుడు మొఖం మీదనే ఉండకు, మాట నడుస్తుండంగనే బొమ్మను రోడ్డు మీదికి మార్చు, ఆయన చెప్పే ఎడ్లబండి చూసేటోని మనసుల కదులుతది. ఈ రెండూ నేర్చుకుంటే నీ వీడియో సగం మారిపోతది, యాప్ల ఆడియోను బొమ్మకెల్లి విడదీసే బటన్ ఉంటది, అదొక్కటే కావాలె. మాట గట్టిదనం యాప్ల సౌండ్ మీటర్ల మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యల ఆడేటట్టు చూడు, సున్నా తాకనీయకు, తాకితే పలుగుతది. మాట ఉన్న కాడ మ్యూజిక్ బాగా కిందికి గుంజు. కాలర్ మైకు కొనమన్నది ఇందుకే, కార్ల ఇంజన్ సప్పుడుల ఫోన్ మైకు దూరంకెల్లి మనిషి మాట పట్టలేదు, మైకు మనిషి దగ్గరుంటే పట్టుకుంటది. బయట గాలుంటే మైకుకు ఆ బొచ్చు టోపీ తొడుగు.

మ్యూజిక్ ప్రశ్నకు జవాబు సూటిగ చెప్తా. సినిమా పాట పెడ్తే యూట్యూబ్‌ల పాటలను పట్టే కంటెంట్ ఐడీ అనే సిస్టం దాన్ని గుర్తు పడ్తది, అప్పుడు వచ్చే పైసలు పాట హక్కుదారులకు పోవొచ్చు, లేకపోతే వీడియోనే బ్లాక్ కావొచ్చు. పది సెకండ్లు పెడ్తే ఏం కాదు, స్పీడ్ మారిస్తే దొరకది అని చెప్పే మాటలు నమ్మకు. జానపద పాట ఎవలిదీ కాదు అనుకుంటరు గని దాన్ని ఎవలన్న రికార్డ్ చేసి పెట్టిన్రంటే ఆ రికార్డింగ్ వాళ్లది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీల ఫ్రీగ దొరుకుతయ్, కొన్నిటికి డిస్క్రిప్షన్ల పేరు రాయాలె, చదువుకోని వాడు. నీ వీడియోకు మాత్రం నా సలహా వేరే ఉంది. మీ తాత తొవ్వల పాడేటోడని బాపు అన్నడంటే ఆ పాట బాపుతోని పాడియ్యి, ఇంట్ల కూసోబెట్టి, ఫ్యాన్ బంద్ చేసి, మంచం మీద బొంత పరిచి గది సప్పుడు తగ్గించి రికార్డ్ చెయ్. గొంతు వణికినా, మధ్యల మర్సిపోయినా పర్వాలేదు. అదే నీ వీడియోకు మ్యూజిక్.

దీన్ని పట్టుకునే ఇంకో పని చెప్తా, మళ్ల మేడారం పోవాల్సిన పని లేదు. బాపును ఇంట్ల, పొద్దున ఎండ పక్కకెల్లి పడే కిటికీ దగ్గర కూసోబెట్టి అడుగు. అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు అడగకు. బండిల ఏమేం సర్దేటోళ్లు, రాత్రి అడవిల ఏం వండుకునేటోళ్లు, ఎడ్లకు నీళ్లు ఎక్కడ, నీకు భయమైందా, తాత ఏమన్నడు, గిట్ల. ఆయన చెప్పుడు అయిపోయినంక వెంటనే ఇంకో ప్రశ్న అడగకు, నాలుగైదు సెకండ్లు ఊకె కూసో, చానాసార్లు అసలు మాట అప్పుడొస్తది. అడిగేటప్పుడు నీ మాట ఆయన మాట మీద పడొద్దు, పడ్తే కోసుకునుడు కష్టం. చెట్టు ఎట్లుండె అని అడిగితే చేతులతోని చూపెడ్తడు, ఆ చేతులు దగ్గరికెల్లి తియ్యి. ఇంట్ల పాత ఫోటో ఏదన్న ఉంటే, ఇత్తడి చెంబో, బండి శీలనో, బొంగరమో ఏది మిగిలినా తియ్యి.

మేడారం షాట్ల గురించి ఒకటి గట్టిగనే చెప్తున్న, ఏమనుకోకు. జంపన్న వాగుల తానం చేస్తున్న ఆడోళ్లు నీ వీడియోల కనవడ్తున్నరు, దూరమే అయినా ఆ ఆరు సెకండ్లు తీసెయ్. వాళ్లు మొక్కు కోసం వచ్చిన్రు, నీ వీడియో కోసం రాలె. అట్లనే తొవ్వల గుడిసె ముందట ఆడుకునే కోయ పిల్లల్ని కార్లకెల్లి తీసినవ్, వాళ్ల పెద్దోళ్లను అడగకుంట మొఖాలు పెట్టకు. కారు ఆపి దిగి, ఇట్ల మా బాపు పాత చెట్టు కోసం చూస్తున్నడు అని అడిగి ఉంటే వాళ్లే నీకు ఆ చెట్టు ముచ్చట చెప్పేటోళ్లేమో. ఆ తొవ్వల తరాలుగ ఉన్నోళ్లు వాళ్లు, వాళ్ల దగ్గర తెలుసుకోవాల్సింది చానా ఉంది. ముందుముందు ఎప్పుడన్న మళ్ల పోతే బాపును తీస్కపోయి ఊర్ల ఒక పెద్దమనిషిని అడిగియ్యి, ఇద్దరు పెద్దోళ్లు ఒక చెట్టు గురించి మాట్లాడుకుంటుంటే నువ్వు మూల నిలవడి తీసుకో, పర్మిషన్ అడిగి. డ్రోన్ కూడ చూసి ఎగరేయాలె, రామప్ప ఆర్కియలాజికల్ సర్వే కాపలాల ఉన్న గుడి, పర్మిషన్ లేకుంట దాని మీద ఎగరేయొద్దు, తాడ్వాయి ఏటూరునాగారం దిక్కంతా అభయారణ్యం, అక్కడ ఫారెస్టోళ్లను అడగాలె. 250 గ్రాముల లోపు డ్రోన్ కద ఏం కాదులే అని దోస్తు అంటే ఇనకు.

యాప్ సంగతి రెండు మాటలల్ల: వీఎన్ చాలు, ఫోన్లనే పని అయితది. కైన్‌మాస్టర్ కూడ మంచిదే గని ఫ్రీ దాంట్ల వాటర్‌మార్క్, అంటే వీడియో మీద యాప్ పేరు ముద్ర, వస్తది. ఇంట్ల మంచి కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిసాల్వ్ ఫ్రీ వెర్షన్ నేర్చుకో, మొదట కష్టమనిపిస్తది, తర్వాత ఇంకోటి ముట్టబుద్ధి కాదు. తెలుగు అక్షరాలు స్క్రీన్ మీద పెట్టేటప్పుడు ఒత్తులు విడిపోతున్నయా చూసుకో, నీ వీడియోల లక్నవరం పేరే విరిగిపోయి కనవడ్తుంది. బాపు మాటలకు సబ్‌టైటిల్ పెట్టు, కార్ల సప్పుడుల కొన్ని మాటలు అర్థం కావు, గని ఆయన మాట్లాడిన తీరుగనే రాయి, పుస్తకాల భాషలకు మార్చకు.

మొదటి కట్, అంటే కోసి అతికిన మొదటి వీడియో, అయినంక దాన్ని ఆ ట్రిప్‌కు రాని మనిషికి చూపెట్టు, వీలైతే బాపును ఎరగనోళ్లకు. నువ్వు పక్కన కూసో, ఏం చెప్పకు, స్క్రీన్ చూడకు, వాళ్లను చూడు. ఎక్కడ ఫోన్ చేతిలకు తీసుకుంటరో ఆ నిమిషం రాసుకో, అక్కడ కోయాలె. అయిపోయినంక కథ ఏంటిదో చెప్పు అని అడుగు, చెట్టు గురించి చెప్తే నువ్వు గెలిచినట్టే, మేడారం మంచిగుంది అన్నరంటే మళ్ల కూసో. నా అంచనాకు ఇది ఎనిమిది తొమ్మిది నిమిషాలకు మించి ఉండది. చివరంటవా, పస్రా, నార్లాపూర్ మధ్యల బాపు "ఇగ పోనియ్యి, లేదు" అన్న ముక్క ఉండే ఉంటది, దాని తర్వాత మేడారం గద్దెల కాడ బాపు మొక్కుతున్న షాట్ పెట్టి, ఇంట్ల రికార్డ్ చేసిన ఆ పాట అక్కడ మొదలుపెట్టు. మీద నీ వాయిస్ వద్దు, లైక్ కొట్టండి సబ్‌స్క్రైబ్ చేయండి అస్సలు వద్దు, కావాలంటే కింద కామెంట్ల రాసుకో.

పాత వీడియో తీసెయ్యాల్నా అన్నవ్. ఉండనియ్యి. యూట్యూబ్‌ల అదే లింకు మీద కొత్త ఫైలు మార్చి పెట్టరాదు, యూట్యూబ్ స్టూడియోల ఉన్న ఎడిటర్ తోని ముక్కలు కోసుడు మాత్రం అయితది, ఆ వాగు షాట్, పిల్లల షాట్ ముందుగాల ఇయ్యాల్నే కోసెయ్. కొత్తదాన్ని వేరే వీడియోగ పెట్టు, ఈసారి గ్రాఫ్‌ల ముప్పై సెకండ్ల కాడ ఎంత మంది మిగిలిన్రో చూడు, ఎక్కడ గీత టక్కున కింద పడిందో ఆ టైం రాసి నాకు పంపు. మొదటి కట్ పంపినా చూస్త, అప్‌లోడ్ చెయ్యకముందే పంపు. ఆ కార్ల క్లిప్ ఒరిజినల్ మాత్రం ఇయ్యాల రాత్రే ఇంకో హార్డ్ డిస్క్‌లకు కాపీ చేసుకో, ఫోన్ల జాగ లేదని డిలీట్ చేస్తవేమో.